జింక్ ఆక్సైడ్ నానో పౌడర్‌లో ఆకుపచ్చ వెలుగు: ఆక్సిజన్ ఖాళీల వల్లేనా? 650 దగ్గర సన్నటి పీక్ ఏమిటి?

కొత్తరీసెర్చర్

అందరికీ నమస్కారం. మెటల్ ఆక్సైడ్ నానో పదార్థాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను, రెండో ఏడాది. ఇక్కడి చర్చలు చాలా రోజులుగా చదువుతున్నా, రాయడం ఇదే మొదటిసారి.

జింక్ అసిటేట్, సోడియం హైడ్రాక్సైడ్‌తో కో-ప్రెసిపిటేషన్ (ద్రావణంలోంచి అవక్షేపంగా దింపే) పద్ధతిలో జింక్ ఆక్సైడ్ చేశాను. కడిగి, ఆరబెట్టి, 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు గంటలు ఫర్నేస్‌లో పెట్టాను. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-కిరణాల వివర్తనంలో) 31.8, 34.4, 36.3 డిగ్రీల దగ్గర మూడు పెద్ద పీకులు వచ్చాయి. వర్ట్‌జైట్ (జింక్ ఆక్సైడ్ మామూలు స్ఫటిక అమరిక) రిఫరెన్స్ కార్డుతో చక్కగా సరిపోయాయి. షెరర్ సూత్రంతో సైజు 23.87 నానోమీటర్లు.

తర్వాత పౌడర్‌ని 325 నానోమీటర్ల కాంతితో ఎక్సైట్ చేసి పీఎల్ (ఫొటోల్యూమినిసెన్స్, అంటే పదార్థం తిరిగి ఇచ్చే వెలుగు) తీశాను. 386 దగ్గర చిన్న పీక్, 530 చుట్టూ పెద్ద వెడల్పాటి గుట్ట, 650 దగ్గర సూదిలా ఒక పీక్. డ్రాఫ్ట్‌లో ఇలా రాసుకున్నాను: అబ్సార్ప్షన్ అంచు 368 దగ్గర ఉంది కాబట్టి క్వాంటం కన్‌ఫైన్‌మెంట్ (రేణువు మరీ చిన్నదై శక్తి స్థాయిలు జరగడం) ఉంది; ఆకుపచ్చ గుట్ట ఆక్సిజన్ ఖాళీల (స్ఫటికంలో ఆక్సిజన్ లేని చోట్ల) వల్ల; 650 పీక్ లాటిస్‌లో (స్ఫటిక అల్లికలో) ఇరుక్కున్న అదనపు ఆక్సిజన్ వల్ల. మా గైడ్ గారు చదివి "ఈ మూడింటికీ రుజువేదమ్మా?" అని ఒక్కటే అడిగారు. నా దగ్గర జవాబు లేదు, వేరే పేపర్లలో అలా రాశారు కాబట్టి రాశాను.

ఇంకో సమస్య కూడా. అదే పద్ధతిలో 2 శాతం యూరోపియం కలిపాను. 612 దగ్గర ఎరుపు రావాలి, అస్సలు రావడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. దయచేసి సాయం చేయండి.

పీఎల్‌గది

ముందు 650 సంగతి తేల్చేద్దాం. మీ ఎక్సైటేషన్ 325. దాన్ని రెండుతో గుణించండి. 650.

మోనోక్రొమేటర్‌లో (కాంతిని తరంగదైర్ఘ్యాలుగా విడదీసే భాగంలో) ఉండే గ్రేటింగ్ 650 నానోమీటర్ల కాంతిని మొదటి ఆర్డర్‌లో ఏ కోణంలో పంపుతుందో, 325 నానోమీటర్ల కాంతిని రెండో ఆర్డర్‌లో సరిగ్గా అదే కోణంలో పంపుతుంది. పౌడర్ మీద పడి చెదిరిన మీ లాంప్ కాంతే డిటెక్టర్‌కి 650 పేరుతో చేరింది. మీ శాంపిల్‌కీ దానికీ సంబంధం లేదు. పౌడర్ తెల్లగా ఉండి కాంతిని బాగా చెదరగొడుతుంది కాబట్టి ద్రావణాల్లో కన్నా పౌడర్లలో ఈ పీక్ చాలా బలంగా కనిపిస్తుంది.

నా మాట నమ్మక్కర్లేదు, పరీక్షించండి. ఎక్సైటేషన్‌ని 340కి మార్చి మళ్లీ స్కాన్ చేయండి. పీక్ 680కి జరిగితే అది మెషీన్‌ది. కదలకుండా 650 దగ్గరే ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం. శాశ్వతంగా పోవాలంటే ఎమిషన్ వైపు 350 లాంగ్‌పాస్ ఫిల్టర్ (350 కన్నా పొడవైన తరంగాల్నే వదిలేది) పెట్టండి.

ఈ మెషీన్ దగ్గర నేను చాలా ఏళ్లుగా కూర్చుంటున్నాను. నా పీహెచ్‌డీ రోజుల్లో ఇలాంటి పీక్ మీదే మూడు నెలలు పోగొట్టుకున్నాను. అప్పుడు ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది అనిపిస్తుంది, అందుకే ఈ ప్రశ్న ఎక్కడ కనబడినా ఆగి జవాబు రాస్తాను.

కొత్తరీసెర్చర్

ఇప్పుడే ల్యాబ్ నుంచి వస్తున్నాను. 340 పెట్టాను, పీక్ సరిగ్గా 680కి వెళ్లింది. 350 పెడితే 700. ఫిల్టర్ పెట్టగానే మాయమైంది. పీఎల్‌గది గారూ, మీకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఆ పేరా మొత్తం కొట్టేశాను.

స్ఫటికం

ఇక సైజు సంగతి. 23.87 అని రెండు దశాంశాల దాకా రాశారు. అంత కచ్చితత్వం ఆ పద్ధతిలో లేదమ్మా.

షెరర్ సూత్రం 1918 నాటిది. పీక్ ఎంత వెడల్పైతే స్ఫటికం అంత చిన్నది అని చెబుతుంది. మీరు 36.25 డిగ్రీల పీక్‌ని, సగం ఎత్తులో దాని వెడల్పు 0.35 డిగ్రీలుగా తీసుకుని ఉంటారని నా అంచనా. దాన్ని రేడియన్లలోకి మారిస్తే 0.00611. కాపర్ కిరణం 0.15406 నానోమీటర్లు, స్థిరాంకం 0.9. థీటా (పీక్ కోణంలో సగం) 18.125 డిగ్రీలు, దాని కొసైన్ 0.950. లెక్క కడితే 23.9 వస్తుంది.

కానీ ఆ 0.35లో మీ మెషీన్ వాటా ఎంత? లోపం లేని పెద్ద స్ఫటికాన్ని పెట్టినా పీక్‌కి కొంత వెడల్పు ఉంటుంది. లాంథనం హెక్సాబోరైడ్ స్టాండర్డ్‌తో కొలిస్తే అది తెలుస్తుంది. మాటవరసకి 0.10 డిగ్రీలు అనుకుందాం. పీకులు గాస్సియన్ ఆకారంలో ఉన్నాయనుకుంటే వర్గాలు తీసివేయాలి, సైజు 24.9 అవుతుంది. లోరెంజియన్ అనుకుంటే నేరుగా 0.25 మిగులుతుంది, సైజు 33.4 అవుతుంది. ఒకే డేటా, ఒకే పీక్, పీక్ ఆకారం గురించి మనం అనుకున్నదాన్ని బట్టి 25 నుంచి 33 దాకా మారింది. పైగా లాటిస్‌లో స్ట్రెయిన్ (అల్లిక సాగడం, నలగడం) ఉంటే అది కూడా పీక్‌ని వెడల్పు చేస్తుంది. ఆ రెండింటినీ విడదీయడానికే 1953లో విలియమ్సన్, హాల్ వాళ్ల గ్రాఫ్ వచ్చింది. అన్ని పీకులూ వాడి ఆ గ్రాఫ్ గీయండి, మూడింటితో సరిపెట్టకండి.

"సుమారు 25 నుంచి 30 నానోమీటర్ల క్రిస్టలైట్లు" అని రాయండి. 'క్రిస్టలైట్' అనే మాట కావాలనే వాడుతున్నా. ఎస్‌ఈఎమ్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో) మీకు కనిపించే రేణువు 80 ఉండొచ్చు, దాని లోపల చిన్న స్ఫటికాలు చాలా అతుక్కుని ఉంటాయి. ఎక్స్‌ఆర్‌డీ చెప్పేది ఆ లోపలి స్ఫటికం సైజు మాత్రమే.

నానోలోకం

స్ఫటికం గారు చెప్పింది నిజమే కానీ 25 అయినా 30 అయినా నానోయే కదా. అబ్సార్ప్షన్ అంచు 368కి జరిగిందంటే కన్‌ఫైన్‌మెంట్ ఉన్నట్టే. చాలా పేపర్లలో 20, 30 నానోమీటర్లకే బ్లూ షిఫ్ట్ (అంచు తక్కువ తరంగదైర్ఘ్యం వైపు జరగడం) చూపించారు.

స్ఫటికం

నానోలోకం గారూ, చూపించారు, నిజమే. కానీ పేపర్లలో ఉంది కదా అని సరైపోదు. నన్ను బాగా బాధపెట్టే విషయం ఇదే.

జింక్ ఆక్సైడ్‌లో ఎక్సైటాన్ బోర్ వ్యాసార్థం సుమారు 2.3 నానోమీటర్లు. అంటే ఎలక్ట్రాన్, హోల్ జంట సహజంగా తిరిగే జాగా అంత చిన్నది. గోడలు ఆ జంటకి తగిలితేనే కన్‌ఫైన్‌మెంట్. 25 నానోమీటర్ల రేణువులో దాన్ని ఇరుకున పెట్టేది ఏదీ లేదు. రేణువు సైజుని బట్టి శక్తి ఎంత జరుగుతుందో చెప్పే బ్రూస్ సూత్రంలో మొదటి పదం మాత్రమే తీసుకుని, 12 నానోమీటర్ల వ్యాసార్థానికి లెక్క వేయండి: సుమారు 15 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. తరంగదైర్ఘ్యంలో రెండు నానోమీటర్లు కూడా లేదు. కూలంబ్ ఆకర్షణ పదం కలిపితే అదీ మిగలదు. అదే వ్యాసార్థం 2 అయితే 0.4 ఎలక్ట్రాన్ వోల్టుల దాకా జరుగుతుంది, అప్పుడు కళ్లకు కట్టినట్టు కనబడుతుంది.

మరి 368 ఎలా వచ్చింది? అది 3.37 ఎలక్ట్రాన్ వోల్టులు. పుస్తకాల్లో బల్క్ (నానో కాని, పెద్ద స్ఫటికాల) జింక్ ఆక్సైడ్‌కి ఇచ్చే విలువ కూడా సరిగ్గా 3.37. అసలు షిఫ్టే లేదు! అంచుని ఎక్కడ గీత గీసి చదివామన్న దాన్ని బట్టే నాలుగైదు నానోమీటర్లు తేడా వస్తుంది. పౌడర్‌ని ద్రవంలో చెదరగొట్టి అబ్సార్ప్షన్ తీస్తే స్కాటరింగ్ కూడా అబ్సార్ప్షన్‌లా కనబడుతుంది. డిఫ్యూజ్ రిఫ్లెక్టెన్స్ (పౌడర్ నుంచి చెదిరి వెనక్కి వచ్చే కాంతి) తీసి, కుబెల్కా-మంక్ సూత్రంతో దాన్ని అబ్సార్ప్షన్‌లాంటి విలువలోకి మార్చి, డైరెక్ట్ బ్యాండ్ గ్యాప్ చదవడానికి టౌక్ గ్రాఫ్ గీయండి.

బీఎస్సీవిద్యార్థి

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఒక చిన్న సందేహం. 325 వేస్తే 386 ఎందుకు రావాలి, 530 ఎందుకు రావాలి? రెండూ ఒకే పదార్థం నుంచే కదా?

కాంతిరేఖ

మంచి ప్రశ్న తమ్ముడూ, ఈ చర్చంతా దాని మీదే నడుస్తోంది.

325 కాంతి ఎలక్ట్రాన్‌ని కింది బ్యాండ్ నుంచి పై బ్యాండ్‌కి ఎత్తుతుంది, కింద ఒక ఖాళీ మిగులుతుంది, అదే హోల్. రెండూ ఆకర్షించుకుని జంటగా తిరుగుతాయి. జింక్ ఆక్సైడ్‌లో ఆ బంధం 60 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. గది వేడి ఇచ్చే శక్తి సుమారు 26 మాత్రమే, కాబట్టి జంట గది ఉష్ణోగ్రతలో కూడా విడిపోకుండా నిలబడగలదు. ఆ జంట నేరుగా కలిసిపోతే బ్యాండ్ గ్యాప్‌కి (ఆ రెండు బ్యాండ్ల మధ్య శక్తి తేడాకి) కాస్త తక్కువ శక్తితో కాంతి వస్తుంది, అదే 380 చుట్టూ ఉండే అల్ట్రావయొలెట్ పీక్.

కలిసేలోపే స్ఫటికంలో ఏదో లోపం దగ్గర ఎలక్ట్రానో హోలో చిక్కుకుంటే కొంత శక్తి అక్కడే పోతుంది. మిగిలిన తక్కువ శక్తితో వచ్చేది ఆకుపచ్చో పసుపో. గుర్తుంచుకోవడానికి ఒక లెక్క: 1240ని నానోమీటర్లతో భాగిస్తే ఎలక్ట్రాన్ వోల్టులు వస్తాయి. 386కి 3.21, 530కి 2.34.

స్ఫటికం అమరిక మారితే వెలుగు ఎంత మారుతుందో చూడాలంటే టైటానియం డయాక్సైడ్ చూడు. అనటేజ్, రూటైల్ రెండింట్లో ఉన్నది అవే పరమాణువులు, అదే నిష్పత్తి. ఎక్స్‌ఆర్‌డీలో అనటేజ్ పెద్ద పీక్ 25.3 దగ్గర, రూటైల్‌ది 27.4 దగ్గర. అనటేజ్ వెలుగు కంటికి కనిపించే ప్రాంతంలో వెడల్పుగా వస్తుంది, రూటైల్‌ది 840 నానోమీటర్ల దగ్గర, అంటే కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్‌లో. రెండూ కలిసిన పౌడర్‌ని కనబడే ప్రాంతంలో మాత్రమే స్కాన్ చేసి "రూటైల్ వెలగదు" అనుకునేవాళ్లు ఉన్నారు. డిటెక్టర్ చూడని చోట వెలుగుతోందంతే.

డీఎఫ్‌టీ

ఆకుపచ్చ గురించి నేను రాస్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన గొడవ.

ఆక్సిజన్ ఖాళీలు అనే మాట ఇంతగా పాతుకుపోవడానికి 1996లో వాన్‌హ్యూస్డెన్ బృందం వేసిన పేపర్ ముఖ్య కారణం. ఆకుపచ్చ వెలుగు తీవ్రతా, ఈపీఆర్‌లో (జతలేని ఎలక్ట్రాన్లని పట్టే కొలతలో) g విలువ 1.96 దగ్గర వచ్చే సిగ్నలూ కలిసి పెరగడం వాళ్లు చూశారు. ఆ సిగ్నల్‌ని ఒక ఎలక్ట్రాన్ ఉన్న ఆక్సిజన్ ఖాళీదిగా తీసుకున్నారు. ఆ సిగ్నల్ షాలో డోనర్ల (ఎలక్ట్రాన్‌ని సులువుగా వదిలే లోపాల, మలినాల) ఎలక్ట్రాన్లదని, ఖాళీ సిగ్నల్ 1.99 దగ్గర వస్తుందని తర్వాతి పనుల్లో బలమైన ఆధారాలు వచ్చాయి. అంటే పునాదే కదిలింది. కానీ వాక్యం మాత్రం ఒక పేపర్ నుంచి ఇంకో పేపర్‌కి నడుస్తూనే ఉంది.

లెక్కల వైపు నుంచి, జానోటీ, వాన్ డి వాలె 2005, 2007 పేపర్లలో ఆక్సిజన్ ఖాళీ లోతైన డోనర్ అనీ, మామూలుగా ఎన్-టైప్‌గా (అదనపు ఎలక్ట్రాన్లతో) ఉండే జింక్ ఆక్సైడ్‌లో అది ఏర్పడటానికి ఎక్కువ శక్తి కావాలనీ చూపించారు. ఆకుపచ్చకి జింక్ ఖాళీ కారణం కావచ్చని వాళ్ల వాదన. ఇంకా ముందు, 1969లోనే డింగిల్ కాపర్ మలినాన్ని చూపించాడు. చాలా తక్కువ ఉష్ణోగ్రతలో ఆ ఆకుపచ్చ బ్యాండ్ మీద సన్నటి గీతల వరస కనబడుతుంది, అది కాపర్ సంతకం. మీ జింక్ అసిటేట్‌లో కాపర్ మిలియన్‌లో కొన్ని వంతులున్నా చాలు.

నా అభిప్రాయం: అన్ని శాంపిళ్లకీ ఒకే కారణం ఉండదు. ఒకరి పౌడర్‌లో కాపర్, ఇంకొకరి దాంట్లో జింక్ ఖాళీ, ఇంకో దాంట్లో ఉపరితలం.

నానోలోకం

కన్‌ఫైన్‌మెంట్ విషయంలో నేను పొరబడ్డాను, స్ఫటికం గారి లెక్క వేసి చూసుకున్నా. కానీ డీఎఫ్‌టీ గారూ, ఆక్సిజన్ ఖాళీల్ని పూర్తిగా కొట్టిపారేయొచ్చా? హైడ్రోజన్‌లోనో ఆర్గాన్‌లోనో వేడి చేస్తే ఆకుపచ్చ మారడం నేనే చూశాను.

డీఎఫ్‌టీ

కొట్టిపారేయడం లేదండి. "వాయువు మార్చితే ఆకుపచ్చ మారింది" అన్నది గమనిక, "కాబట్టి ఆక్సిజన్ ఖాళీ" అన్నది వ్యాఖ్యానం. హైడ్రోజన్‌లో వేడి చేస్తే హైడ్రోజన్ కూడా లోపలికి పోయి ఇతర లోపాలతో అతుక్కుంటుంది. ఉపరితలం మీద ఉన్న హైడ్రాక్సిల్, అసిటేట్ గుంపులు పోతాయి. ఒక గుండీ నొక్కితే నాలుగు దీపాలు మారుతున్నాయి.

పీఎల్‌గది

దీనికి తోడు ఇంకొకటి. అల్ట్రావయొలెట్‌కీ ఆకుపచ్చకీ ఉన్న నిష్పత్తిని చాలామంది స్ఫటికం నాణ్యతకి కొలబద్దగా వాడతారు. ఆ నిష్పత్తి ఎక్సైటేషన్ బలాన్ని బట్టి మారుతుంది. లోపాలు పరిమిత సంఖ్యలో ఉంటాయి, వాటి వెలుగు నెమ్మదిగా వస్తుంది. హీలియం-కాడ్మియం లేజర్‌ని చిన్న చుక్క మీద ఫోకస్ చేస్తే అవన్నీ నిండిపోతాయి, అల్ట్రావయొలెట్ మాత్రం పెరుగుతూ పోతుంది. అదే పౌడర్‌ని జెనాన్ లాంప్ కింద పెడితే ఆకుపచ్చే రాజ్యమేలుతుంది. కాబట్టి మీ నిష్పత్తిని వేరే ల్యాబ్ వాళ్ల పేపర్‌లోని నిష్పత్తితో పోల్చకండి. మీ శాంపిళ్లలోనే, ఒకే రోజు, ఒకే స్లిట్‌తో, పౌడర్‌ని ఒకే రకంగా అదిమి పోల్చండి.

గుట్టని ఐదారు గాస్సియన్లుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక్కో లోపం పేరు పెట్టడం కూడా వద్దు. ఐదు గాస్సియన్లతో ఏ గుట్టయినా ఫిట్ అవుతుంది. తప్పదనుకుంటే తరంగదైర్ఘ్యం స్కేల్ మీద కాకుండా శక్తి స్కేల్‌లోకి మార్చి చేయండి. మార్చేటప్పుడు తీవ్రతని తరంగదైర్ఘ్యం వర్గంతో గుణించడం మరవద్దు, లేకపోతే గుట్ట శిఖరమే తప్పు చోట కనిపిస్తుంది.

రేర్‌ఎర్త్

ఆలస్యంగా చూశాను. యూరోపియం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా.

వర్ట్‌జైట్‌లో జింక్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు. అక్కడ జింక్ అయాన్ వ్యాసార్థం 0.60 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఛార్జి 2+. యూరోపియం 3+ ఆరు ఆక్సిజన్ల మధ్య కూర్చున్నప్పుడే 0.95 దగ్గర ఉంటుంది. అంత పెద్ద అయాన్ ఆ చిన్న గూట్లో పట్టదు, పైగా ఒక ఛార్జి ఎక్కువ. మీరు కలిపిన 2 శాతంలో చాలా భాగం రేణువుల ఉపరితలం మీదకో అంచుల్లోకో చేరి ఉంటుంది. ఎక్స్‌ఆర్‌డీలో యూరోపియం ఆక్సైడ్ పీకులు కనబడలేదంటే అది లేదని అర్థం కాదు, ఒకటి రెండు శాతం కన్నా తక్కువగా ఉన్నా, చెదిరిపోయి ఉన్నా ఎక్స్‌ఆర్‌డీకి దొరకదు.

రెండు స్కాన్లు తీయండి. మొదటిది, ఎక్సైటేషన్ 394కి, తర్వాత 464కి మార్చి ఎమిషన్ చూడండి. ఈ రెండూ యూరోపియం నేరుగా పీల్చుకునే గీతలు. రెండోది, ఎమిషన్‌ని 612 దగ్గర ఆపి ఎక్సైటేషన్ స్కాన్ చేయండి. 370 చుట్టూ జింక్ ఆక్సైడ్ బ్యాండ్ కనబడితే హోస్ట్ (ఇక్కడ జింక్ ఆక్సైడ్) నుంచి యూరోపియంకి శక్తి చేరుతోంది. 394, 464 గీతలు మాత్రమే వస్తే పౌడర్, యూరోపియం ఒకే గిన్నెలో ఉన్నా ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదు.

పీకులు తక్కువ కోణం వైపు జరిగాయి కాబట్టి యూరోపియం లాటిస్‌లోకి వెళ్లింది అని రాయబోయే ముందు, పౌడర్‌లో కాస్త సిలికాన్ కలిపి మళ్లీ తీయండి. సిలికాన్ పీక్ 28.44 దగ్గర ఉండాలి. శాంపిల్ హోల్డర్‌లో పౌడర్ కొంచెం ఎత్తుగానో పల్లంగానో ఉన్నా పీకులన్నీ జరుగుతాయి.

కొత్తరీసెర్చర్

ఐదు రోజుల తర్వాత వస్తున్నాను, అన్నీ చేసి చూపిద్దామని ఆగాను.

విలియమ్సన్-హాల్ గ్రాఫ్‌లో స్ట్రెయిన్ ఉందని తేలింది, సైజు 31 దగ్గర వచ్చింది. "సుమారు 30" అని రాస్తున్నాను. కన్‌ఫైన్‌మెంట్ వాక్యం తీసేశాను. సిలికాన్ కలిపి తీస్తే నేను షిఫ్ట్ అనుకున్నది పోయింది, హోల్డర్‌లో పౌడర్ ఎత్తు వల్లే వచ్చిందది.

యూరోపియం శాంపిల్‌ని 464తో ఎక్సైట్ చేస్తే ఎరుపు వచ్చింది! చిన్నదే అయినా స్క్రీన్ మీద ఆ గీత లేవడం చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ 612 దగ్గర ఆపి ఎక్సైటేషన్ స్కాన్ చేస్తే 394, 464 గీతలే ఉన్నాయి, 370 దగ్గర ఏమీ లేదు. అంటే రేర్‌ఎర్త్ గారు చెప్పినట్టే యూరోపియం బయటే ఉంది. ఆకుపచ్చకి కారణం ఫలానా అని రాయకుండా, గాలిలో, ఆక్సిజన్‌లో, ఆర్గాన్‌లో వేడి చేసిన మూడు శాంపిళ్ల స్పెక్ట్రాలు పక్కపక్కన పెట్టి, కాపర్ కోసం ఐసీపీ-ఎంఎస్‌కి (అతి తక్కువ మలినాల్ని కొలిచే పరీక్షకి) పంపాను.

గైడ్ గారు యూరోపియంకి తగిన వేరే హోస్ట్ చూడమన్నారు. ఇట్రియం ఆక్సైడ్ సరైనదేనా?

రేర్‌ఎర్త్

చాలా సంతోషంగా ఉంది. సరైనదే, ఫ్లోరసెంట్ దీపాల్లో ఎరుపు దానితోనే వచ్చేది. ఇట్రియం కూడా 3+, వ్యాసార్థం 0.90, యూరోపియం దాంట్లో హాయిగా ఇముడుతుంది.

స్ఫటికం గురించి మీరు చదివినదంతా అక్కడ పనికొస్తుంది. క్యూబిక్ ఇట్రియాలో (ఇట్రియం ఆక్సైడ్‌లో) లోహానికి రెండు రకాల స్థానాలుంటాయి, మూడుకి ఒకటి నిష్పత్తిలో: ప్రతి నాలుగు స్థానాల్లో మూడింటికి సిమెట్రీ కేంద్రం లేదు, ఒకదానికి ఉంది. కేంద్రం లేని చోట కూర్చున్న యూరోపియమే 612 ఎరుపుని బలంగా ఇస్తుంది. 590 చుట్టూ వచ్చే నారింజ గీతలు చుట్టుపక్కల అమరికని పెద్దగా పట్టించుకోవు. కాబట్టి ఎరుపుని నారింజతో భాగిస్తే యూరోపియం ఎలాంటి చోట కూర్చుందో వెలుగే చెబుతుంది. అదే ఇట్రియా మోనోక్లినిక్ రూపంలో ఉంటే బలమైన గీత 624 వైపు జరుగుతుంది.

590, 612 రెండూ ఒకే స్కాన్‌లో తీయండి, మధ్యలో స్లిట్ మార్చకండి. ఫిల్టర్ తీయకండి. స్పెక్ట్రం వచ్చాక ఎక్స్‌ఆర్‌డీతో కలిపి ఇక్కడే పెట్టండి, కలిసి చూద్దాం.